ట్యాంకరు ఎడమకన్ను, నా కారు కుడితలుపు

సోమవారం

స్టీరింగు లైసెన్సు కలిగినవారు ప్రతిదినమూ ప్రయాణ వివరాలు రాసిపెట్టాలన్న నిబంధనను ప్రభుత్వం ఎప్పుడో ఎత్తివేసింది. రాసేవారెవరూ మిగలకపోవడమే అందుకు కారణం. నేను మాత్రం మానలేదు. ఎగువపాలెంలో తన చేతులతో కారు నడిపే మనిషిని నేనొక్కడినే. ఏదైనా జరిగితే నలుగురూ నావైపే వేలు చూపుతారని ఎరుగుదును. ఈరోజు జరిగింది.

ఉదయం కొండమీది జాజిలోవ పల్లెకు చేరవేయవలసిన సరుకులు కారులో సర్దాను. బియ్యం, మంచినూనె, ఇద్దరు ముసలివాళ్ళకు రక్తపోటు మాత్రలు, బడి పంతులమ్మ అడిగిన సుద్దముక్కలు. జాజిలోవ దారిలో సిగ్నలు లేదు. సిగ్నలు లేనిచోట తోలేవాడు లేని బళ్ళు అడుగు కదపవు. కొండ మొదటి మలుపు దగ్గర ఆగి, ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పి, వెనక్కి వెళ్ళిపోతాయి. ఆ మలుపు దాటి పైకి పోగలిగేది నా కారొక్కటే.

మెరకవీధి వాలులో, రోడ్డుకు ఎడమపక్కగా కారు ఆపి, ఇంజను కట్టేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, సరుకుల జాబితా మరొకసారి సరిచూసుకొంటున్నాను. నాకు ముందు నీళ్ళ ట్యాంకరు నిలిచి ఉంది. మా వీధివాళ్ళు దానిని గంగమ్మ బండి అంటారు. దిగువపాలెం సముద్రంలో కలిసిపోయి, మేమందరమూ ఈ గుట్టమీదికి చేరిన నాటినుంచి మాకు తాగునీరు అదే తెస్తోంది. దానికీ తోలేవాడు లేడు. నీళ్ళు పోయడం ముగించి, ఎటువంటి హెచ్చరికా లేకుండా అది వెనక్కి నడిచింది. నేను హారను మోగించాను. ఆగలేదు. దాని ఎడమవైపు వెనుకమూల నా కారు వెనుక కుడితలుపులోకి దిగబడి, తలుపును పళ్ళెంలాగా లోపలికి నొక్కి, అప్పుడు ఆగింది.

దిగిన తరువాత నేను చేసిన పనులు వరుసగా:

ఒకటి, నాకేమీ దెబ్బ తగలలేదని చూసుకొన్నాను. రెండు, సుద్దముక్కలు విరగలేదని చూసుకొన్నాను. మూడు, ట్యాంకరు వెనుక చెరొక మూలన ఉన్న రెండు కెమెరా గాజుకళ్ళనూ పరిశీలించాను. కుడికన్ను నున్నగా మెరుస్తోంది. ఎడమకన్ను మీద ఉప్పుగాలికి తెల్లటి పొర పట్టి, శుక్లం ముదిరిన కంటిలాగా ఉంది. నాలుగు, బండీ బండీ తగిలాయి కనుక, అలవాటు చొప్పున ట్యాంకరును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకొన్నాను.

అప్పుడు ట్యాంకరు మాట్లాడింది. "అంగీకారం నమోదైంది. మీ మర్యాదకు ధన్యవాదాలు."

దేనికి అంగీకారమో నాకు బోధపడలేదు. ఈ బళ్ళు సందర్భం లేకుండా ధన్యవాదాలు చెబుతూనే ఉంటాయి కనుక అంతగా పట్టించుకోలేదు. సరుకులు జాజిలోవకు చేర్చాను.

మంగళవారం

కారును అప్పలకొండ షెడ్డుకు తీసుకువెళ్ళాను. పెట్రోలు కార్ల పనితెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల అతనొక్కడే మిగిలాడు. నాకు వరసకు బామ్మరిది. తలుపు చుట్టూ తిరిగి, వేలితో కొట్టి చూసి, నవ్వాడు.

"ఏటి బావా, గంగమ్మ ముద్దెట్టుకున్నాదా?"

"బాగుచేయగలవా, లేదా? ముందది చెప్పు."

"సెయ్యకేటి? సొట్ట తీసి, రంగేసి, తలుపు మళ్ళీ తలుపులాగ కూకోబెడతాను. మరి బీమాకెల్తావా, సేతి డబ్బులిస్తావా? బీమా అయితే నాను ముట్టుకోను. ఆలొచ్చి సూసినదాకా బండి అలగే ఉండాల."

ప్రశ్న అదే. రాత్రంతా నేను ఆలోచించినదీ అదే. కాగితం మీద నిలువుగా గీత గీసి రెండు పక్కలా రాశాను.

బీమా పక్షాన రాసినవి: ప్రతి సంవత్సరమూ తప్పకుండా కడుతున్నాను, కట్టినదానికి ఫలితం పొందడం నా హక్కు, తప్పు నాది కాదు. బీమాకు వ్యతిరేకంగా ఒక్కటే రాశాను. కానీ ఆ ఒక్కటి చాలు. స్టీరింగు బండీ, తోలేవాడు లేని బండీ ఢీకొంటే, తప్పు స్టీరింగు పట్టినవాడిదేనని బీమా మండలి ముందుగానే అనుకొని విచారణ మొదలుపెడుతుంది. కాదని నిరూపించే బాధ్యత నాది. నిరూపించలేకపోతే లైసెన్సు రద్దు. కొత్తవి ఎవరికీ ఇవ్వడం లేదు. నా జీవనాధారం పోతుంది. జాజిలోవకు దారీ పోతుంది.

నాకు సాక్షులున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. బిందెలతో వరుసలో ఉన్న ఆడవాళ్ళందరూ చూశారు. అయితే మనుషుల సాక్ష్యం ఉద్వేగాలకు లోబడుతుందని మండలి దానిని ఏనాడో కొట్టివేసింది. కళ్ళున్న యంత్రం నమోదు చేసిందే సాక్ష్యం. ఆ యంత్రానికి ఒక కన్ను లేదన్న సంగతిని చూడగలిగిన కళ్ళు మాత్రం సాక్ష్యానికి పనికిరావు!

మధ్యాహ్నం నీటి కంపెనీ ప్రతినిధి ధీరజ్ ఫోను చేశాడు. పలాస వైపు కుర్రవాడు. మాట మెత్తగా ఉంది.

"నాయుడు గారూ, ఇంత చిన్నదానికి బీమా ఎందుకండీ? షెడ్డుకయ్యే ఖర్చు మేము నగదుగా ఇచ్చేస్తాం. ఏ ప్రమాదమూ జరగలేదని మీరొక సంతకం పెడితే చాలు."

"జరిగింది కదా?"

"జరిగిందనుకోండి. కానీ జరగలేదని రాస్తే ఇద్దరికీ మంచిది."

"మీ ట్యాంకరు ఎడమకన్ను పనిచేయడం లేదు. దానిని ఎప్పుడు మారుస్తారు?"

అతడు, ప్రమాదం నమోదైతే తనిఖీ ముగిసేదాకా ఊరి ట్యాంకర్లన్నిటినీ నిలిపివేయవలసి వస్తుందనీ, అది ఎవరికి మంచిదనీ అడిగాడు. నా ప్రశ్నకు ఇది జవాబు కాదని చెప్పి ఫోను పెట్టేశాను.

నా భార్య అమ్మాజీ ఈ సంభాషణనంతా వంటగదిలోనుంచి వింటూనే ఉంది.

"తీసేసుకోండి," అంది.

"అబద్ధానికి సంతకం పెట్టమంటావా?"

"నిజానికి సంతకమెడితే లైసెన్సు పోద్ది. అది పోతే ఏటి సేస్తారు? ఇంట్లో కూకుని జాబితాలు రాస్తారా? మీ జాబితాలు పొయ్యిలోకి కూడా పనికిరావు, పల్చటి కాగితం."

ఆమె మాటలో న్యాయం ఉంది. రేపు ఉదయం ధీరజ్‌కు ఫోను చేసి ఒప్పుకొందామని నిశ్చయించుకొన్నాను.

బుధవారం

ఒప్పుకొనే అవకాశం నాకు కలగలేదు. ఉదయమే కంపెనీనుంచి సందేశం వచ్చింది. సారాంశం ఇది: ట్యాంకరు నమోదు చేసిన దృశ్యాన్ని పరిశీలించగా, తప్పు నాదేనని నేను సంఘటనా స్థలంలోనే ఒప్పుకొన్నట్టు తేలింది. అందువల్ల నాకు ఇవ్వజూపిన నగదును ఉపసంహరించుకొన్నారు. అంతేకాదు, ట్యాంకరు మూలన గీసుకుపోయిన రంగుకు నేనే వారికి నగదు చెల్లించాలి. చెల్లిస్తే సంగతి మన మధ్యే ఉంటుంది. లేదా వారే బీమా మండలికి వెళతారు.

దృశ్యాన్ని కూడా జతచేశారు. అది కుడికన్ను చూసిన దృశ్యం. అందులో ఢీకొనడం లేదు. అది ఎడమవైపు జరిగింది కదా! అందులో ఉన్నదల్లా నేను. ఖాకీ చొక్కా వేసుకొని, ట్యాంకరు వెనుకకు నడిచి వచ్చి, దానిని వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకొంటున్నాను. కింద ఒక వాక్యం: "స్థానిక సంజ్ఞ గుర్తించబడింది. అర్థం: తప్పు చేసిన వ్యక్తి క్షమాపణ."

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. ఎవరు నేర్పారు దీనికి మన సంజ్ఞలు? రైలు దిగేటప్పుడో, పెళ్ళిపందిట్లోనో, జనంలో కాలికి కాలు తగిలితే ఎవరు ఎవరిని తొక్కారని మనం విచారణ జరుపుతామా? ఇద్దరమూ ఒకరినొకరు తాకి కళ్ళకద్దుకొంటాం. తొక్కినవాడూ చేస్తాడు, తొక్కించుకొన్నవాడూ చేస్తాడు. తరచుగా తొక్కించుకొన్నవాడే ముందు చేస్తాడు. నా కాలు మరొక మనిషికి తగిలింది, అంతే. తప్పెవరిదన్నది అందులో లేనే లేదు. నాకు ఊహ తెలిసిన నాటినుంచి చేస్తున్న పని. ఎవరూ నేర్పగా నేర్చుకోలేదు. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని, మన మర్యాదలో సగం చూసి, మిగతా సగం తానే కల్పించుకొని, ఆ కల్పనను ఇనుప బండికి నూరిపోసి, ఆ బండిని మా మీద సాక్షిగా నిలబెట్టారు. మర్యాదగా ఉన్నందుకు నేను దోషిని. దిగి రెండు బూతులు తిట్టి ఉంటే నిర్దోషిని!

అప్పలకొండకు చెబితే పడీపడీ నవ్వాడు. "అయితే బావా, మన పెళ్ళిళ్ళలో సగంమంది జైల్లో ఉండాల."

నాకు నవ్వు రాలేదు.

అమ్మాజీ మాత్రం కంపెనీకి నగదు కట్టేసి ఊరుకోమంది. ఈసారి ఆమె గొంతులో వెనుకటి ధీమా లేదు. "కుక్క కరిస్తే కుక్కకి మందులు కొనిచ్చినట్టుంది," అంది. అని, తరువాత తనే, "అయినా కట్టేయండి," అంది.

గురువారం

సంగతి వీధిలో పొక్కింది. ధీరజ్ ఎవరికో చెప్పాడు, వారు మరెవరికో చెప్పారు. నేను బీమాకు వెళితే ట్యాంకర్లు ఆగిపోతాయన్న భాగమే అందరికీ వినబడింది.

ఉదయం ఇంటిముందు కారు తుడుస్తుంటే ఎదురింటి సన్యాసమ్మ గేటు పట్టుకొని నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. నోరు మాత్రం యవ్వనంలోనే ఉంది.

"ఏరా స్టీరింగోడా, నీ తలుపు కోసం మా బిందెలెండగట్టేస్తావా?"

"పిన్నీ, ఆ బండికి ఎడమకన్ను కనబడదు. నువ్వు రోజూ నీడ కోసం ఎడమపక్కే నిలబడతావు."

"నాకూ ఎడమకన్ను కనబడదురా. నన్నూ ఆపించేస్తావేటి?"

వరుసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అవమానం దిగమింగి కారు తుడవడం కొనసాగించాను. తుడుస్తూ నాలో నేను నిర్ణయించుకొన్నాను: కట్టేస్తాను. సంతకం పెడతాను. ఈ ఊరికి అబద్ధమే కావలసివస్తే, నిజం మోయడానికి నేనొక్కడినే కూలివాడినా?

ట్యాంకరు వచ్చింది. అమ్మాజీ ఇత్తడి బిందె తీసుకొని వెళ్ళింది. నేను ఇంట్లోకి వెళ్ళి కంపెనీకి రాయవలసిన జవాబు చిత్తు రాసుకొంటుండగా వాలులోనుంచి కేకలు వినబడ్డాయి. పరుగెత్తాను.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వాక్యాన్ని ముందు రాస్తున్నాను. ట్యాంకరు మళ్ళీ వెనక్కి నడిచింది. ఎడమపక్క నీడలో సన్యాసమ్మ నిలబడి ఉంది. అమ్మాజీ ఆమె రెక్క పట్టి ఇవతలికి లాగింది. లాగడంలో చేతిలోని బిందె జారిపోయింది. ట్యాంకరు చక్రం దానిమీదుగా వెళ్ళి ఆగింది. పెళ్ళినాటి బిందె అట్టముక్కలాగా రోడ్డుకు అతుక్కొంది.

అమ్మాజీ ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుంది.

"బండి నా బుజానికి రాసుకుంది. నేనేటి సేశానో తెలుసా?"

నాకు తెలుసు.

"దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. నా బిందె తొక్కేసిందండీ! ముసలిదాన్ని సంపబోయింది. అయినా చెయ్యి దానంతటది ఎల్లిపోయింది. అప్పుడదేమన్నాదో తెలుసా? అంగీకారం నమోదైందట. ధన్యవాదాలట." ఆమె ముఖం ఎర్రబడింది. "నమోదయ్యిందట!"

నేను రాసిన చిత్తును తీసి చూపించాను. చదివి, నాలుగు మడతలు పెట్టి, పొయ్యిలో వేసింది. కాగితం పలుచటిదైనా బాగానే మండింది.

సాయంత్రం బీమా మండలికి దరఖాస్తు పంపాను.

శనివారం

బీమా మండలి పంపిన సర్వేయరు హైమవతి గారు గొడుగు వేసుకొని నడిచి వచ్చారు. బీమా బండి మెరకవీధి వాలు ఎక్కడానికి అనుమతి కోరుతూ కిందనే ఉండిపోయిందట. వయసు మీదపడిన మనిషి, కొలత టేపు సొంతది తెచ్చుకొన్నారు. అందువల్ల నాకు కొంత ఆశ కలిగింది. ఆ ఆశ ఎక్కువసేపు నిలవలేదు.

ట్యాంకరును తెచ్చి అదే చోట నిలబెట్టారు. ఎడమకన్ను తళతళలాడుతోంది. నిన్ననే తుడిచారని ఎవరికైనా తెలుస్తుంది. ధీరజ్ కంపెనీ చొక్కా, నల్లబూట్లు వేసుకొని పక్కన నిలబడ్డాడు. వీధి మొత్తం వచ్చింది. నాకు మద్దతుగానో, వినోదం కోసమో నాకు తెలియదు.

హైమవతి గారు తలుపు కొలిచి, ట్యాంకరు మూల ఎత్తు కొలిచి, నావైపు తిరిగారు. "కొలతలు మీరు చెప్పినదానికి సరిపోతున్నాయి. కానీ నాయుడు గారూ, అంగీకారం నమోదై ఉంది కదా. నేనేం చేయను?"

నా వాదనను ముందుగానే పాయింట్లుగా రాసుకొని ఉన్నాను. అలవాటు గురించి చెప్పాను. కాలికి కాలు తగలడం గురించి చెప్పాను. ఆమె వింటూనే ఉన్నారు. విన్నట్టే తల ఊపారు.

ధీరజ్ మధ్యలో కల్పించుకొన్నాడు. "మేడమ్, ఇదంతా అభిప్రాయం. రూలు స్పష్టంగా ఉంది. బండి నమోదు చేసినదాన్ని సవాలు చేయడానికి వీల్లేదు. సంఘటనా స్థలంలో సంజ్ఞ చేసినవాళ్ళు తప్పు ఒప్పుకొన్నట్టే. మీరైనా, నేనైనా అంతే."

"రూలు అదే," అన్నారు హైమవతి గారు. ఆ మాట ఆమెకూ నచ్చినట్టు లేదు. కలం తీశారు.

నా లైసెన్సును జేబులోనుంచి తీసి చేత్తో పట్టుకొన్నాను. ఎందుకు తీశానో తెలియదు. అంచులు అరిగిపోయిన ఆ కార్డును అప్పగించేటప్పుడు వెతుక్కోవలసిన అవసరం రాకూడదనుకొన్నానేమో.

ఆ సమయంలో అమ్మాజీ జనంలోనుంచి ముందుకు వచ్చింది. చంకలో అణిగిపోయిన బిందె ఉంది. సర్వేయరు గారికి చూపించడానికి తెస్తోందనుకొన్నాను. ధీరజ్ పక్కగా వస్తూ, అతని నల్లబూటు మీద కాలు వేసింది. వేసి, తీయలేదు. పూర్తి బరువుతో నిలబడింది.

"అయ్యో, సారీ అమ్మా," అన్నాడు ధీరజ్. అతని చెయ్యి అతన్ని అడగలేదు. తనకంటే పెద్దావిడకు కాలు తగిలింది కదా! వంగి ఆమె మోచేతిని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకొన్నాడు.

రెండు కళ్ళూ శుభ్రంగా ఉన్న ట్యాంకరు చక్కగా చూసింది.

"అంగీకారం నమోదైంది," అంది. "కంపెనీ ప్రతినిధి తప్పు ఒప్పుకొన్నారు. మీ మర్యాదకు ధన్యవాదాలు."

జనంలోనుంచి సన్యాసమ్మ గొంతు లేచింది. "ఓలమ్మో, కుర్రోడు ఒప్పేసుకున్నాడర్రా!"

ధీరజ్ చటుక్కున చెయ్యి దించాడు. "మేడమ్, ఇది వేరే. ఆవిడే నన్ను తొక్కింది. నా తప్పేమీ..."

"తొక్కింది ఆవిడ. కళ్ళకద్దుకొంది మీరు," అన్నారు హైమవతి గారు. "నాయుడు గారు ఇందాకటినుంచి చెబుతున్నది అదే కదా?"

"బండి పొరబడింది మేడమ్!"

"బండి నమోదును సవాలు చేయకూడదని ఇప్పుడే మీరే అన్నారు. మీరైనా, నేనైనా అంతే అన్నారు." ఆమె కలం మూత పెట్టి, మళ్ళీ తీశారు. "రెండు దారులున్నాయి. ఈ నమోదులు చెల్లుతాయంటే, ఇదే స్థలంలో మీ కంపెనీ తప్పు ఒప్పుకొంది. చెల్లవంటే, నాయుడు గారు ఏమీ ఒప్పుకోలేదు. మిగిలినవి నా కొలతలు. ఏది రాసుకోమంటారు?"

అతడు తన బూటువైపు చూసుకొన్నాడు. అమ్మాజీ అప్పటికి కాలు తీసింది.

"చెల్లవని రాసుకోండి," అన్నాడు, వినబడీ వినబడనట్టు.

ఇంటికి వచ్చాక అమ్మాజీని అడిగాను, కావాలని తొక్కావా అని. "మీ జాబితాలో రాసుకోడానికా?" అంది. రాయనని మాట ఇచ్చాను. ఆమె జవాబు అందువల్ల ఇక్కడ లేదు.

తరువాతి శుక్రవారం

లైసెన్సు నా జేబులోనే ఉంది. తలుపు మాత్రం సొట్టతోనే ఉంది. మండలి మరమ్మత్తుకు ఆమోదం తెలిపింది కానీ డబ్బు అందే వరుసలో నా ముందు చాలామంది ఉన్నారు. అంతవరకూ అప్పలకొండ దానిని ముట్టుకోడు.

ట్యాంకర్లను తనిఖీకి తీసుకుపోయారు. ఊరిలో ఉన్న బళ్ళలో చాలావాటికి ఒక కన్నో, రెండో పొర కమ్మి ఉన్నాయట. ఈ సంగతి కంపెనీకి ముందే తెలుసునని నేను నమ్ముతున్నాను. నా తలుపు ఖరీదు కంటే ఆ కళ్ళ ఖరీదు ఎక్కువ కనుక నా తలుపును కొనబోయారు. నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లారవలసిన అవసరమూ కనబడదు.

మొదటిరోజు వీధి నన్ను తిట్టింది. రెండవరోజు అప్పలకొండ నా కారు వెనుక సీటు ఊడదీసి డ్రమ్ములు ఎక్కించాడు. జాజిలోవ ఊటనుంచి నీళ్ళు తెస్తున్నాను. ఆ దారిలో సిగ్నలు లేదు. జాజిలోవ వాళ్ళు డ్రమ్ములు నింపడానికి వరుసకట్టి సాయం చేస్తున్నారు. పంతులమ్మ సుద్దముక్కతో ప్రతి డ్రమ్ముమీదా ఇంటిపేరు రాస్తోంది. ఆమె రాసే వరుస నా జాబితాకంటే బాగుంది.

ఈరోజు సన్యాసమ్మ తానే వస్తానని పట్టుబట్టి ముందు సీటులో కూర్చుంది, నా నీళ్ళ కొలత మీద నమ్మకం లేక. దారంతా నా డ్రైవింగును తిట్టింది. ఊట దగ్గర, డ్రమ్ము దించే సందట్లో, ఆమె కాలు నా పాదం మీద పడింది. గట్టిగానే పడింది.

నా చెయ్యి ముందుకు వెళ్ళింది. అదే క్షణంలో ఆమె చెయ్యీ వచ్చింది. మధ్యలో రెండు చేతులూ తగులుకొన్నాయి. ఇద్దరమూ కళ్ళకద్దుకొన్నాము.

చుట్టూ చూశాను. నీళ్ళు, రాళ్ళు, డ్రమ్ములు పట్టుకొన్న మనుషులు. ఏ కన్నూ దానిని నమోదు చేసుకోలేదు.